హాలు మధ్య స్తంభం తీసేసి స్టీల్ బీమ్ వేద్దామనుకుంటున్నారా?

వాలు కప్పు, చెక్క వాసాలు, నడిమధ్యలో ఒకటో రెండో చెక్క స్తంభాలు. ఇలాంటి ఇల్లున్నవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు ఆ స్తంభం వైపు అదోలా చూడటం మొదలుపెడతారు. సామాను ఎటు సర్దినా అదే అడ్డం, టీవీ ఎక్కడ పెట్టినా ఎవరో ఒకరికి స్తంభం వెనక సీటే. ఇలాంటి పనులు చూడటమే నా ఉద్యోగం కాబట్టి ఆ తర్వాతి ప్రశ్న నా దగ్గరికి వస్తుంది, అది ఎప్పుడూ ఒకేలా ఉంటుంది: "దాన్ని తీసేసి పైన ఐ-బీమ్ వేసేస్తే చాలు కదండీ, ఎంత సైజు వేయమంటారు?"

సైజు చెప్పడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే తేలిక. కాగితం, కాలిక్యులేటర్ ఉంటే పావుగంటలో తేలిపోతుంది. అసలు తేలాల్సింది వేరే: ఆ స్తంభం ఇన్నేళ్ళుగా ఏయే పనులు చేస్తోంది, దాన్ని పీకేశాక ఆ పనులు ఎవరి నెత్తిన పడతాయి? స్తంభం పోతుంది గానీ దాని మీది బరువు ఎక్కడికీ పోదు. దానికి దారి మనం చూపించకపోతే అదే ఏదో ఒకటి వెతుక్కుంటుంది, అది మనకు నచ్చే దారి అవ్వదు.

అందుకని ముందు టార్చి పట్టుకుని పైకెక్కాలి. సీలింగ్ ఉంటే ఒకచోట ఊడదీయాల్సిందే, కింద నిలబడి చెప్పే జవాబు ఏదైనా ఊహే. స్తంభం తల దగ్గర చూడాల్సింది ముఖ్యంగా ఒకటి: వెన్నుదూలం, అంటే కప్పు శిఖరం పొడవునా వెళ్ళే దూలం, అక్కడ ఒకే చెక్కగా సాగిపోతోందా, లేక రెండు ముక్కల అతుకు సరిగ్గా స్తంభం నెత్తిన పడిందా. అతుకు అక్కడే ఉంటే అనుమానం అక్కర్లేదు, స్తంభం తీసిన మరుక్షణం ఆ రెండు ముక్కల కొసలూ గాల్లో ఉంటాయి. పాత ఇళ్ళలో ఎక్కువగా ఇదే కనిపిస్తుంది, ఎందుకంటే అంత పొడవు చెక్క దొరకడం ఎప్పుడూ కష్టమే, వడ్రంగులు అతుకును స్తంభం మీదకే తెచ్చేవాళ్ళు. అతుకులో పైచెక్క కిందచెక్క మీద ఏటవాలుగా కూర్చుని ఉంటుంది, పక్క నుంచి కొట్టిన చెక్క మేకు తల కాస్త బయటికి కనపడుతుంది. దుమ్ము తుడిచి చూస్తే తప్ప ఆ గీత కనపడదు.

ఇంకో రకం కూడా ఉంది. కప్పు మొత్తం ట్రస్సుల (త్రికోణపు చట్రాల) మీద గోడ నుంచి గోడకు నిలబడి ఉంటుంది, మధ్య స్తంభంతో దానికి మొదట్లో పనే లేదు. తర్వాతెప్పుడో ట్రస్ కింది దూలం కుళ్ళడం వల్లో, అతుకు వదులవ్వడం వల్లో కప్పు కుంగితే ఎవరో తెచ్చి ఒక గుంజ నిలబెట్టారు. ఇలాంటి చోట స్టీల్ బీమ్ ఆలోచనే తప్పు. ట్రస్‌ను బాగుచేస్తే స్తంభం దానంతటదే అనవసరం అవుతుంది. స్తంభం అడుగు కూడా చూడండి. చెదలు పట్టి అడుగు గుల్లయిపోయి, స్తంభమే కప్పుకు వేలాడుతున్న ఇళ్ళు ఉంటాయి. అంటే బరువు ఇప్పటికే వేరే దారి పట్టిందన్నమాట. ఆ దారి ఏమిటో కనుక్కోకుండా ముందుకు పోకూడదు.

వాలు కప్పుకీ చదును కప్పుకీ పెద్ద తేడా ఒకటుంది, ఇక్కడే చాలామంది ఇంజనీర్లు కూడా తొందరపడతారు. చదును కప్పు కింద బీమ్ కాస్త ఎక్కువ వంగితే సీలింగ్ పగులుతుంది, అంతే. వాలు కప్పులో వెన్నుదూలం కిందికి దిగితే వాసాల పాదాలు గోడలను బయటికి తోస్తాయి. రెండు నిచ్చెనలను తలలు ఆనించి నిలబెడితే కాళ్ళు ఎటు జారతాయో ఆలోచించండి. వెన్నుదూలం గట్టిగా పట్టుకుని ఉన్నంతకాలం వాసాలు నిటారుగా బరువు దింపుతాయి, పక్కకు తోపు దాదాపు ఉండదు. ఆ ఆధారం పోతే, పాదాలను కట్టి ఉంచే అడ్డదూలాలు కూడా లేకపోతే, తోపు ఎంతో లెక్క కట్టి చూద్దాం. గోడ నుంచి గోడకు 6 మీటర్లు, చూరు నుంచి వెన్ను దాకా 1.5 మీటర్ల ఎత్తు, కప్పు మీద చదరపు మీటరుకు 150 కిలోలు అనుకుంటే, గోడ పొడవునా ప్రతి మీటరుకూ 450 కిలోల తోపు పడుతుంది. ఏ మామూలు ఇటుక గోడా తన తల దగ్గర ఇంత బలాన్ని అడ్డంగా తట్టుకోదు. గోడ పైభాగంలో అడ్డంగా సన్నని పగులు, తలుపు పైన ఏటవాలు పగులు, అలా మొదలవుతుంది.

అంటే మనకు కావాల్సింది విరగని బీమ్ కాదు, వంగని బీమ్. ఆ రెండూ ఒకటి కావు.

అదే ఇల్లు తీసుకుందాం. హాలు పొడవు 6 మీటర్లు, సరిగ్గా మధ్యలో స్తంభం, దాని మీద దూలం అతుకు. వెన్నుదూలం మీదకు కప్పు వెడల్పులో సగం, అంటే 3 మీటర్ల వెడల్పు బరువు వస్తుంది. మీటరుకు 450 కిలోలు, మొత్తం 2,700. ఇంతకుముందు దూలం 3 మీటర్ల చొప్పున రెండు ముక్కలుగా పనిచేసేది. ఇప్పుడు ఒకే 6 మీటర్లు. పొడవు రెట్టింపైతే దూలాన్ని వంచే మొమెంట్ నాలుగింతలు అవుతుంది, అదే దూలమైతే వంగే కొలత పదహారింతలు అవుతుంది. స్తంభం ఉన్నప్పుడు 4 మిల్లీమీటర్లు కుంగిన చెక్క, అతుకు లేని అదే సైజు చెక్క అనుకున్నా, స్తంభం తీశాక 64 మిల్లీమీటర్లు కుంగుతుంది. పెంకులు కదిలి నీళ్ళు కారడానికి అంత అక్కర్లేదు.

200 మిల్లీమీటర్ల లోతున్న మామూలు ఐ-సెక్షన్ (I ఆకారపు స్టీల్ బీమ్) ఇక్కడ పెడితే పూర్తి బరువు మీద 20 మిల్లీమీటర్ల దగ్గర వంగుతుంది, అంటే పొడవులో మూడు వందల్లో ఒక వంతు, సాధారణంగా ఒప్పుకునే హద్దు అదే. ఆ సమయానికి స్టీల్ తన బలంలో సగం కూడా వాడుకోదు. బలం కోసమే సైజు ఎంచితే ఇంకా చిన్నది సరిపోతుందని లెక్క వస్తుంది, ఆ లెక్క నమ్మితే గోడలు తెరుచుకుంటాయి. నేనైతే హద్దు మీద నిలబడకుండా ఒక సైజు పైకి వెళ్తాను, కప్పు కింద ఆ కాస్త ఇనుము ఎక్కువైనంత మాత్రాన ఎవరి కొంపా మునగదు. చెక్కే వేయాలనుకుంటే? స్టీల్ బిగువు (వంగకుండా నిలిచే గుణం) మామూలు చెక్క కంటే సుమారు ఇరవై రెట్లు. అదే వంపు రావాలంటే 150 మిల్లీమీటర్ల వెడల్పు, 310 లోతు ఉన్న దూలం కావాలి, పైగా చెక్క ఏళ్ళ తరబడి బరువు కింద మెల్లగా ఇంకా కుంగుతూనే ఉంటుంది కాబట్టి దానికి ఇంకా కలపాలి. మామూలు వేడిలో స్టీల్‌కు ఆ జబ్బు లేదు.

ఈ 150 కిలోల అంకెను మీ ఇంటికి అలాగే ఎత్తి రాసేసుకోకండి. అందులో పెంకులు, చెక్క, పైకెక్కి మరమ్మతు చేసే మనుషులు ఉన్నారు. రేకు కప్పైతే తగ్గుతుంది, మంచు పడే చోటైతే రెట్టింపు కూడా దాటొచ్చు. ఇంకో చిన్న విషయం, పెంకుల బరువు వాలు మీద కొలవాలి, నేల మీద కాదు. ఈ ఇంట్లో వాలు విస్తీర్ణం నేల కంటే 12 శాతం ఎక్కువ. వాలు నిటారయ్యే కొద్దీ ఇది పెరుగుతుంది, అయినా అందరూ హాలు కొలతలే పంపిస్తారు.

ఇక కొసల సంగతి. నన్ను అడిగితే బీమ్ కంటే దీని గురించే ఎక్కువ టెన్షన్ పడాలి. ఇంతకుముందు మధ్య స్తంభం 1,350 కిలోలు మోసేది, రెండు కొసల్లో గోడలు చెరో 675 మోసేవి. ఇప్పుడు మధ్యది సున్నా, కొసలు చెరో 1,350. అంటే గేబుల్ గోడ (వాలు కప్పు కొసన ఉండే త్రికోణపు తల గోడ) మీద ఒకే ఒక్క చోట బరువు రెట్టింపు. బీమ్ కొసను 15 సెంటీమీటర్ల చదరపు ప్లేటు మీద పెడితే చదరపు సెంటీమీటరుకు 6 కిలోలు వస్తుంది. పాత మట్టి అడుసుతోనో సున్నంతోనో కట్టిన గోడకు అది చాలా ఎక్కువ, ప్లేటు కింద ఇటుక మెల్లగా నలుగుతుంది. అదే బరువును 60 సెంటీమీటర్ల పొడవు, 23 వెడల్పు ఉన్న కాంక్రీటు దిమ్మె మీద పరిస్తే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో దగ్గరికి దిగుతుంది. దిమ్మె కింద కిటికీ ఉంటే మళ్ళీ కథ మొదటికొస్తుంది, కిటికీ పైన లింటెల్ ఈ బరువు కోసం వేసింది కాదు. గోడ మీద నమ్మకం లేకపోతే గోడకు ఆనించి రెండు స్టీల్ స్తంభాలు దింపి, వాటికి విడిగా పునాది వేయడమే మంచిది. పునాది అనేసరికి ముఖం చిట్లించేవాళ్ళు చాలామంది, హాల్లో గచ్చు తవ్వాలి కదా! తవ్వాలి మరి. తీసేసే స్తంభం కింద ఉన్న రాయి ఇన్నాళ్ళూ చేసింది ఆ పనే.

బీమ్‌ను ఎక్కడ పెట్టాలి అనేదానికి మూడు దారులున్నాయి. వెన్నుదూలం కిందే పెడితే పని తేలిక, పాతదాన్ని ముట్టుకోనక్కర్లేదు, కాకపోతే కింద బీమ్ కనపడుతుంది, ఎత్తు తగ్గుతుంది. వెన్నుదూలాన్నే తీసేసి దాని చోట స్టీల్ పెట్టి, వాసాల కొసలు కోసి బీమ్ నడుముకు (మధ్యలోని నిలువు పలకకు) బోల్టు చేసిన చెక్కకు హ్యాంగర్లతో తగిలిస్తే చూడటానికి శుభ్రంగా ఉంటుంది, కానీ కప్పు మొత్తం ఒకేసారి ప్రాపుల (తాత్కాలికంగా నిలబెట్టే ఆధారాల) మీద ఉండాలి. ఈ దారి నాకు పెద్దగా ఇష్టం ఉండదు. మూడోది, ఉన్న చెక్క దూలానికి అటొకటి ఇటొకటి స్టీల్ చానెల్ (C ఆకారపు కడ్డీ) పెట్టి మూడింటినీ కలిపి బోల్టులు బిగించడం. పాత దూలం కదలదు, వాసాలు కదలవు, అతుకు కూడా చానెల్స్ మధ్య ఇరుక్కుని ఉండిపోతుంది, అయితే అతుకుకు రెండు వైపులా బోల్టులు దగ్గరగా పడాలి. అన్నిటికంటే పెద్ద లాభం, మోయడం తేలిక. పైన చెప్పిన ఐ-బీమ్ 6 మీటర్లకు 130 కిలోలు దాటుతుంది, చానెల్స్ అయితే ఒక్కోటీ అంతకంటే తేలిగ్గా ఉంటుంది, నలుగురు మనుషులు చైన్ పుల్లీ సాయంతో హాల్లోంచే ఎత్తేయగలరు. పాత దూలం గట్టిగా ఉండి, పురుగు పట్టకపోతే నేను మొదట చూసేది ఈ దారే.

వాసాలు నేరుగా బీమ్ మీదే కూర్చునే చోట వాలు అసలు తలనొప్పి తెస్తుంది. స్టీల్ పైఅంచు చదునుగా ఉంటుంది, వాసం ఏటవాలుగా వస్తుంది. ఊరికే ఆనిస్తే వాసం అంచు ఒక్కటే స్టీల్‌కు తగులుతుంది, అక్కడ చెక్క నలిగి జారుతుంది. బీమ్ మీద ముందుగా చెక్క పట్టె బోల్టులతో బిగించి, ఆ పట్టెను వాలుకు తగ్గట్టు చెక్కాలి, లేదా వాసం అడుగున చదునైన గాడి తీసి పట్టె మీద కూర్చోబెట్టాలి. ఒక పెద్దాయన, వడ్రంగి, ప్రతి వాసం కిందా కాగితం ముక్క దూర్చి చూసేవాడు. కాగితం దూరితే, "ఇది ఇంకా కూర్చోలేదు సార్, తొందరపెట్టకండి" అని మళ్ళీ ఉలి తీసేవాడు. వాసాలను పట్టెకు గట్టిగా బిగించడానికి ఇంకో కారణం కూడా ఉంది. పొడుగాటి ఐ-బీమ్ బరువు మీద పక్కకు మెలితిరగాలని చూస్తుంది, వాసాలు పైఅంచును పట్టుకుని ఉంటేనే అది ఆగుతుంది. ఊరికే మీద కూర్చున్న వాసం ఆ పని చేయదు.

వెన్ను కాకుండా వాలు మధ్యలో వాసాలకు అడ్డంగా వెళ్ళే దూలం కింద స్తంభాలు తీస్తుంటే ఒక ప్రమాదం ఉంది. వాలుకు సరిపోతుంది కదా అని ఐ-బీమ్‌ను కూడా పక్కకు వాల్చి పెట్టేస్తారు. బరువు మాత్రం నిటారుగానే దిగుతుంది, కాబట్టి బీమ్ పక్కకు కూడా వంగుతుంది, ఆ దిశలో 200 ఐ-సెక్షన్ బిగువు నిలువు దిశలో ఉన్నదానిలో పదో వంతు కూడా ఉండదు. బీమ్ నడుము ఎప్పుడూ తూకంగుండుకు నిటారుగా ఉండాలి, వాలు సర్దుబాటు చెక్క పట్టెలో చూసుకోవాలి.

స్తంభం మోయడం ఒక్కటే చేస్తుందనుకోవద్దు. దాని తల దగ్గర రెండు వైపులా ఏటవాలు కర్రలు ఉన్నాయంటే అది గాలికి ఇల్లు ఊగకుండా కూడా చూస్తోంది, ఆ పనికి స్టీల్ స్తంభానికీ బీమ్‌కూ మధ్య గట్టి జాయింట్ కావాలి, లేదా వాసాల కింద ఏటవాలు పట్టీలు వేయాలి. రేకు కప్పైతే గాలి కప్పును పైకి లాగుతుంది, ఇన్నాళ్ళూ పట్టుకున్నది స్తంభమే అయితే ఇప్పుడు వాసం నుంచి బీమ్, బీమ్ నుంచి గోడ, గోడ నుంచి పునాది దాకా బోల్టుల గొలుసు తెగకుండా ఉండాలి. బీమ్ కొస గోడ మీద ఊరికే పెట్టేసి సిమెంటు పూసేస్తే గాలివానలో దాన్ని పట్టుకునేది ఏమీ ఉండదు.

ఇప్పుడు పని. ప్రాపులు వెన్నుకు రెండు వైపులా రెండు వరసలు, మధ్యలో బీమ్ ఎత్తడానికి చోటు వదలాలి. వాటి కింద పలకలు పరవాలి, కింద చెక్క నేల ఉంటే ఆ నేలను నమ్మకుండా మట్టి దాకా వెళ్ళాలి. ప్రాపులు బిగించేటప్పుడు కుర్రాళ్ళకు హుషారొచ్చి, ఏళ్ళ తరబడి కుంగిన కప్పును ఒక్క పూటలో సాపు చేద్దామని జాకీ తిప్పేస్తారు. చెక్క ఆ వంపుకు అలవాటు పడిపోయింది, పెంకులు దాని మీదే సర్దుకున్నాయి. పైకి లేపాలంటే రోజుకు రెండు మూడు మిల్లీమీటర్లు, అది కూడా అవసరమైతేనే. చాలాసార్లు ఆ వంపును అలాగే ఉంచి, సందులో ప్యాకింగ్ పెట్టడమే మేలు.

బీమ్ కూర్చున్నాక అందరూ చేసే పని ప్రాపులు తీసేయడం. అలా తీసేస్తే కప్పు ఖాళీ బరువుకే బీమ్ 12 మిల్లీమీటర్ల దాకా వంగుతుంది, కప్పు కూడా దానితోపాటు దిగుతుంది. దీనికి మందు ఉంది. ప్రాపులు ఉండగానే బీమ్‌కూ వెన్నుదూలానికీ మధ్య చిన్న జాకీలు పెట్టి బీమ్‌ను కిందికి నొక్కాలి, లెక్క ప్రకారం ఎంత వంగాలో అంత వంగే దాకా. ఆ సందులో ఇనుప రేకులు గట్టిగా కుక్కి జాకీ తీసేయాలి. బరువు నిజంగా బీమ్ మీదకు వచ్చిందని తెలియడానికి పరికరం అక్కర్లేదు. ప్రాపును చేత్తో తడితే వదులుగా గలగలమంటుంది, అప్పుడు తీసేయొచ్చు. ఇంకా బిగుసుకునే ఉందంటే బరువు ఇంకా ప్రాపు మీదే ఉందని.

వెల్డింగ్ మాత్రం ఆ కప్పు కింద వద్దు. ఎండిపోయిన పాత చెక్క, బూజు, దుమ్ము, ఎప్పటివో పక్షి గూళ్ళు, వాటి మధ్య నిప్పురవ్వలు. క్లీట్లు (బీమ్‌కు తగిలించే చిన్న ఇనుప ముక్కలు), రంధ్రాలు, ప్లేట్లు అన్నీ షాపులోనే పూర్తిచేసి, ఇంట్లో బోల్టులు బిగించే పని తప్ప ఏమీ మిగలకుండా డ్రాయింగ్ గీయించుకోండి. నిప్పు మాట వచ్చింది కాబట్టి, స్టీల్ కాలదు కాబట్టి భద్రం అనుకోకండి. 600 డిగ్రీల దగ్గర దాని బలం సగానికి పడిపోతుంది, ఇంటి మంటల్లో ఆ వేడి తొందరగానే వస్తుంది. లావు చెక్క దూలం నిమిషానికి ఒక మిల్లీమీటరు కంటే తక్కువే మాడుతూ లోపల గట్టిగా నిలబడుతుంది. బీమ్ బయటికి కనపడితే మంటకు ఉబ్బే పెయింటు వేయించండి, లేదా జిప్సం బోర్డుతో కప్పండి. తుప్పు సంగతి తేలికే, రెడ్ ఆక్సైడ్ అన్ని వైపులా, గోడలోకి వెళ్ళే కొసకు ముందే ఇంకో కోటు, ఎందుకంటే తర్వాత అక్కడికి బ్రష్ వెళ్ళదు.

ప్రాపులు తీశాక గోడల మీద, బీమ్ మధ్యలో పెన్సిల్ గుర్తులు పెట్టి కొన్ని వారాలు కొలుస్తూ ఉండండి, తలుపులు పట్టేస్తున్నాయేమో చూడండి. ఎండాకాలం ఒకటి, వానాకాలం ఒకటి గడిచే దాకా చెక్క ఉబ్బుతూ, కుంచించుకుపోతూ ఉంటుంది, స్టీల్‌కు ఆ కదలిక లేదు కాబట్టి బోల్టులు వదులవుతాయి. అన్నిటినీ మళ్ళీ ఒకసారి స్పానరుతో బిగించాకే కొత్త సీలింగ్ వేయించండి, ముందే వేసేస్తే ఆ బోల్టుల దగ్గరికి మళ్ళీ వెళ్ళలేరు.